గరగర: గుణమా, అలంకారమా?



ఛందస్సు, శతకాలు, అప్పుడప్పుడు వ్యాకరణం తప్ప వేరొక విషయం ఎత్తని నేను ఈసారి విద్యుత్ గిటారును గురించి వ్రాయబోతున్నాను. ముసలితనంలో ఇదేమి వేషమని నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి. తెలుగు పండిత శిక్షణ పొంది మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పిన మనిషికి గిటారుతో ఏమి పని అన్న సందేహం నాకూ కలిగింది. ఆ సందేహమే ఈ టపాకు మూలం.

మొన్నటి వేసవిలో మా మనవడు శివ్వంపేటకు వచ్చాడు. ఇంజనీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. వెంట ఒక గిటారు, గోధుమల డబ్బా అంత యాంప్లిఫయరు, అరచేయి పట్టేంత ఆకుపచ్చని ఇనుప పెట్టె తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం నేను భోజనం చేసి నడుము వాల్చానో లేదో పక్కగదిలో ఒక చప్పుడు మొదలయింది. గుడ్డ చినిగినట్టు, పెనం మీద నీళ్ళు పడినట్టు ఒకటే గరగర. లేచి వెళ్ళి, "నాయనా, నీ స్పీకరు చినిగినట్టుంది. మన మైకుసెట్టు దుకాణంలో బాగుచేయిద్దాం" అన్నాను.

వాడు నవ్వి, "స్పీకరు బాగానే ఉంది తాతా. కావాలనే అట్లా మోగిస్తున్నా. దీన్ని ఓవర్‌డ్రైవ్ అంటరు" అన్నాడు.

నలభై ఏళ్ళుగా వినాయక చవితి పందిళ్ళలో, పెండ్లి ఊరేగింపుల్లో, ఎన్నికల జీపుల మీద నేను ఏ గరగరను విని చెవులు మూసుకున్నానో, దాన్నే ఈ పిల్లవాడు డబ్బు పెట్టి కొనుక్కున్నాడు! కోపం రాలేదు గాని కుతూహలం కలిగింది. ఆ సాయంత్రమంతా వాడు గురువు, నేను శిష్యుడిని. నాకు అర్థమైనంతవరకు మా చెరువు భాషలో చెబుతాను.

చెరువులోకి వాగునీరు వస్తుంది. తూము గుండా పొలాలకు పోతుంది. కట్టకు ఒకచోట మత్తడి ఉంటుంది. నీరు ఆ ఎత్తును మించగానే మత్తడి దుంకుతుంది, ఎంత వాన పడినా చెరువు ఆ మట్టాన్ని మించి నిండదు. యాంప్లిఫయరులో గెయిన్ అనే మీట లోనికి వచ్చే నీటిని పెంచుతుంది. వాల్యూమ్ అనే మీట తూమును తెరుస్తుంది. తీగ నుండి వచ్చే స్వరం ఒక అల. గెయిన్ పెంచేకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది. ఆ యంత్రం ఇవ్వగలిగిన ఎత్తును దాటబోయినప్పుడు అల శిఖరం చదునవుతుంది. శిఖరం తెగిన చోట, మూలస్వరంలో లేని పైస్వరాలు అనేకం పుడతాయి. అదే మన చెవికి గరగర.

పాతకాలపు రేడియోలలో ఉండే వాల్వులు ఈ మత్తడిని మట్టికట్టలాగా వాలుగా కట్టుకుంటాయట. హద్దు చేరకముందే కొద్దికొద్దిగా లొంగడం మొదలుపెడతాయి, అందుకే శిఖరం గుండ్రంగా అణుగుతుంది. మామూలు ట్రాన్సిస్టరు యాంప్లిఫయరును హద్దు దాటిస్తే సిమెంటు గోడకు తగిలినట్టు ఉంటుంది. శిఖరం కత్తితో కోసినట్టు తెగి, చెవికి కటువుగా వినబడుతుంది. మరొక విశేషం కూడా ఉంది. మీటిన తీగ క్రమంగా నీరసిస్తున్నా, అల ఇంకా మత్తడిని మించే ఉన్నంతసేపు బయటికి వచ్చే ధ్వని ఇంచుమించు తగ్గదు. గిటారు స్వరం సన్నాయిలాగా సాగడానికి కారణం ఇదే.

ఇక చరిత్ర. మొదట ఇది లోపమే. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో 'రాకెట్ 88' అనే పాటను రికార్డు చేసినప్పుడు విల్లీ కిజార్ట్ అనే గిటారు వాద్యకారుని యాంప్లిఫయరు దెబ్బతిని ఉంది. దాన్ని అలాగే వాడారు, ఆ ధ్వనే పాటకు వన్నె తెచ్చింది. 1961లో మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' వెలువడింది. అందులో గ్రేడీ మార్టిన్ వాయించిన భాగం, రికార్డింగు బల్లలో చెడిపోయిన ఒక మార్గం గుండా వెళ్ళి జుమ్మని మ్రోగింది. జనానికి అది నచ్చింది. 1962లో ఆ చెడిపోయిన మార్గం చేసే పనినే చేసే చిన్న పెట్టెను మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అంగడికి తెచ్చారు. కాలితో నొక్కే పెడలు జాతికి అది మూలపురుషుడు వంటిది. 1964లో ఇంగ్లాండులో డేవ్ డేవిస్ అనే యువకుడు తన చిన్న యాంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి మరీ ఆ ధ్వనిని సాధించాడు. అంటే మధ్యాహ్నం నేను 'స్పీకరు చినిగింది' అనడం పూర్తిగా అజ్ఞానం కాదన్నమాట!

అప్పటినుండి గిటారు వారిలో రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. గరగర యాంప్లిఫయరు కడుపులోనుండే రావాలి అనేది ఒకటి. యాంప్లిఫయరును నిర్మలంగా ఉంచి, ముందు పెట్టిన పెడలుతో తెప్పించుకోవచ్చు అనేది రెండవది.

నా బుర్రలో వెంటనే అలంకారశాస్త్రం మెదిలింది. మమ్మటుడు కావ్యప్రకాశంలో గుణాలకు, అలంకారాలకు భేదం చెప్పాడు గదా! శౌర్యం ఆత్మకు ఎట్లాగో గుణాలు రసానికి అట్లాగు, విడదీయరానివి. అలంకారాలు మెడలో హారం వంటివి, పెట్టుకోవచ్చు, తీసివేయవచ్చు. ఇంకేం, యాంప్లిఫయరు గరగర గుణం, పెడలు గరగర అలంకారం అని తీర్పు చెప్పాను. మనవడు ఒప్పుకోలేదు. "విని చెప్పు తాతా, చదివి చెప్పకు" అన్నాడు. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

వినాలంటే ఇంట్లో కుదరదు. వాడి యాంప్లిఫయరు పదిహేను వాట్ల వాల్వు యంత్రం. పదిహేను వాట్లంటే చిన్నదనుకున్నాను. పది రెట్లు శక్తి పెంచితే గాని చెవికి రెట్టింపు బిగ్గరగా తోచదట. కనుక పదిహేను వాట్లకు, నూటయాభై వాట్లకు నడుమ తేడా మనం అనుకున్నంత లేదు. దాన్ని హద్దుకు చేర్చి మ్రోగిస్తే మా వీధి వీధంతా లేచి వస్తుంది.

అందుకని ఊరి బయట గోదాముకు వెళ్ళాము. అది నా పూర్వ శిష్యుడిది. మైకుసెట్టు, పందిరి సామాను కిరాయికి ఇస్తాడు, చెడిపోయిన యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. మా వాడు చెప్పినదంతా విని తల పట్టుకున్నాడు. "సార్, ముప్పై ఏండ్ల సంది గీ గరగర రావద్దనే నా కష్టమంత. ఈ పిల్లగాడేమో గదే గావాలని పైసలు వెట్టి కొన్నడు!" అన్నాడు. ముగ్గురమూ నవ్వుకున్నాము.

మొదట గిటారును నేరుగా యాంప్లిఫయరుకు కలిపి, గెయిన్ పూర్తిగా పెంచి వాయించాడు. ధ్వని పెద్దదే, కాని అందులో ఒక వినయం ఉంది. తీగను మెల్లగా మీటితే నిర్మలంగా పలికింది, గట్టిగా మీటితే గరగరమంది. గిటారు మీద ఉన్న వాల్యూమ్ మీటను కొంచెం తగ్గిస్తే గరగర దానంతట అదే తేటపడింది. వేలి బలం ఎంతో యంత్రం కోపం అంత. నా శిష్యుడు తల ఊపాడు. "ఇది మనిషి మాట ఇన్నట్టున్నది సార్" అన్నాడు.

తరువాత గెయిన్ తగ్గించి, పెడలులోని డ్రైవ్ పూర్తిగా పెంచి వాయించాడు. ఇప్పుడు ధ్వని ఒక మట్టానికి కుదించుకుపోయింది. మెల్లగా మీటినా, గట్టిగా మీటినా తేడా అంతగా తెలియలేదు. కటువుగా లేదు, వినడానికి బాగానే ఉంది. కాని ఉపన్యాసం కంఠస్థం చేసి అప్పజెప్పినట్టు ఉంది. చూశావా, నా తీర్పే నిజమైందని మీసం దువ్వబోయాను.

అప్పుడు వాడు మూడవ పద్ధతి చూపాడు. యాంప్లిఫయరును హద్దు అంచున, ఇంకొక అడుగు వేస్తే గరగరమనేటట్టు నిలిపాడు. పెడలులో డ్రైవ్ దాదాపు సున్నాకు తగ్గించి, దాని వాల్యూమ్ మాత్రం పెంచాడు. కాలితో నొక్కాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మొదటి పద్ధతిలోని స్పందనంతా ఉంది, దానికి తోడు స్పష్టత వచ్చింది. స్వరం గుంపులోంచి ముందుకు నడిచి వచ్చి నిలబడింది. ఈ తరహా పెడలు కింది మంద్రస్వరాలను కొంత తగ్గించి నడిమి స్వరాలను ముందుకు తెస్తుందట, అందువల్ల ధ్వని బురదగా మారదు. ఇక్కడ పెడలు తాను గరగరమనడం లేదు, వాల్వును ముందుకు తోస్తున్నదంతే. ఈ జాతిలో ప్రసిద్ధమైనది 1979లో ఐబనీజ్ అనే జపాన్ సంస్థ తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్. ట్యూబు అంటే వాల్వు, స్క్రీమర్ అంటే కేకలు వేయించేది అని నేను విగ్రహవాక్యం చెప్పుకున్నాను. తయారుచేసినవారు ఏ అర్థంలో పెట్టినా, పేరులో తత్వం ఉంది.

కనుక నా తీర్పును సవరించుకోవలసి వచ్చింది. 'అలమ్' అంటే 'చాలినంత' అని కదా అర్థం. చాలినంతగా చేసేది అలంకారం. లోపల శక్తి ఉన్నా హద్దుదాకా చేరలేని దానిని చేర్చేదే మంచి అలంకారం. లోపల ఏమీ లేనిచోట ఉన్నట్టు నటించేది వట్టి హారం.

మనవడు ఇంకొక మాట కూడా అన్నాడు. "తాతా, నీకు అరిచినా అడిగేటోళ్ళు లేని బడి ఉండె. నాకు అపార్ట్‌మెంటు ఉంది. అర్ధరాత్రి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని నేర్చుకునేటోనికి పెడలే దిక్కు." నిజమే. గుణం గొప్పదని చెప్పడం గోదాము ఉన్నవాడికి తేలిక.

ఇదంతా మన సంగీతానికి పరాయిది అనుకోకండి. తంబురా గుర్రం మీద తీగ కింద జీవ అనే నూలుపోగు పెడతాము. పోగును సరైన చోటికి జరిపినప్పుడే తీగ గుర్రాన్ని ఒరుసుకుంటూ జుమ్మని పైస్వరాలను వెదజల్లుతుంది. పోగు తీసివేస్తే స్వరం ఉంటుంది, జీవం ఉండదు. మన పూర్వులు ఆ ఒరిపిడికి పెట్టిన పేరే 'జీవ'! గిటారువారు గరగర పెంచినప్పుడు ఎక్కువగా షడ్జపంచమాలనే జంటగా మీటడం నాకు మరింత ఆశ్చర్యం కలిగించింది. ఇతర స్వరాలు కలిస్తే వాటి నడుమ పుట్టే కొత్త స్వరాలు కలగాపులగమవుతాయి. షడ్జపంచమాలు కలిస్తే మాత్రం వాటి కింది స్థాయి షడ్జం తానుగా పుడుతుంది. తంబురా మీటే మన చెవికి ఇది కొత్త కాదు.

మరో వైపు పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ను తలచుకోండి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, నాలుగు జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు కట్టించుకున్నాడు. మామూలు మాండొలిన్ నాదం గమకం పూర్తికాకముందే ఆరిపోతుంది. ఆయన విద్యుత్తు సాయంతో దాన్ని నిలబెట్టాడు, నాదాన్ని మాత్రం తేటగానే ఉంచాడు. 2014లో ఆయన కన్నుమూసేదాకా ఆ తేటదనం చెదరలేదు. అదే విద్యుత్తు ఒకచోట తేటదనానికి, మరొకచోట గరగరకు పనికివచ్చింది. ఏది ఎక్కడ ఉండాలో తెలియడమే విద్య. క్షేమేంద్రుడు దీన్నే ఔచిత్యం అన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపు దాన్ని దాటవేస్తూ వచ్చాను.

1989లో నేను పనిచేసిన బడిలో పద్యపఠన పోటీకి పిల్లలను ఎంపిక చేస్తున్నాను. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు లేచి పద్యం చదివాడు. వాడి తండ్రి ఒగ్గుకథ చెప్పేవాడు. మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి వారి కథ విన్నవారికి తెలుసు, డోలు మోతను మించి, మైకు లేకుండా, ఊరి చివరి మనిషిదాకా చేరవలసిన గొంతు అది. రాత్రంతా మల్లన్న కథ చెప్పే ఆ గొంతు తన హద్దు అంచునే నిలబడి పలుకుతుంది. ఈ పిల్లవాడికీ అదే గొంతు వచ్చింది. పద్యం పైస్థాయికి వెళ్ళిన చోట జీర తగిలింది. నేను సగంలో ఆపి, "పగిలిన కుండలాగుంది, కూర్చో" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత నా తరగతిలో వాడు పద్యం ఎత్తి చదవలేదు. పోటీకి తేటగొంతు పిల్లవాడిని పంపాను, బహుమతి కూడా వచ్చింది.

వాడు చదివినది పోతన గజేంద్రమోక్షం. మొసలితో పెనుగులాడి పెనుగులాడి బలమంతా ఉడిగిపోయిన ఏనుగు పెట్టే మొర. ఆ మొర తేనెలాగా పలకాలట! శక్తికి మించి అడిగినప్పుడు వచ్చే ధ్వని ఏదో, ఆ పద్యానికి కావలసిన ధ్వని ఏదో ఆ పదమూడేళ్ళ పిల్లవాడి గొంతుకు తెలిసింది. ఔచిత్యం గురించి పరీక్షలో పుటలు నింపిన నాకు తెలియలేదు.

ఇప్పుడు నా గొంతే అట్లా అయింది. తరగతుల్లో అరిచిన ఫలమని వైద్యుడు చెప్పాడు. పద్యం పైకి ఎత్తితే జీర వస్తుంది. రెండేళ్ళుగా ఏ సభలో పిలిచినా పద్యం చదవడం మానుకున్నాను. ఎవరు 'పగిలిన కుండ' అంటారో అని.

ఆ పిల్లవాడెవరో మీరు ఊహించే ఉంటారు. నాకు కుర్చీ తుడిచి వేసినవాడే.

మనవడు సామాను సర్దుతుంటే, వైర్లు చుట్టుతున్న అతని పక్కన నిలబడి చెప్పాను. "ఒకసారి పద్యాల పోటీకి నిన్ను వద్దన్నాను. నలుగురిలో అనరాని మాట అన్నాను. తప్పు నాది." ఈ మాట పలకడానికి నాకు ముప్పై అయిదేళ్ళకు పైగా పట్టింది. అతడు తల ఎత్తకుండా, "నాకు యాదికి లేదు సార్. గవన్ని ఎన్నటి ముచ్చట్లు" అన్నాడు. వైరు చుట్టడం ఆపలేదు.

యాదికి లేదేమో, నేనే మోసుకు తిరుగుతున్నానేమో అనుకొని కొంచెం తేలికపడ్డాను. మనవడు గిటారు సంచి భుజాన వేసుకున్నాడు. గోదాము తలుపు వేస్తూ అతడు నావైపు చూడకుండానే అడిగాడు.

"సార్, గజేంద్రమోక్షం ఇప్పటికి గూడ బళ్ళె చెప్తున్నరా?"

పద్యం పేరు నేను చెప్పలేదు.

పాఠ్యపుస్తకం చూసి చెబుతానన్నాను. ఇంటికి వచ్చి తలుపులు వేసుకొని, చాలా రోజుల తరువాత ఆ పద్యం గట్టిగా చదువుకున్నాను. పైస్థాయిలో జీర వచ్చింది. ఆపలేదు.